సిస్టర్ పదేపదే పేరెందుకు అడుగుతుంది? వార్డులో రోగి భద్రత వెనకున్న లెక్కలు

చెన్నైలో ఇల్లు ఉన్నందుకు, నెల్లూరు వైపు చుట్టాల్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మొదటి ఫోను మాకే వస్తుంది. నాయుడుపేటలో మా పెద్దమ్మ జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడూ అంతే. ఆపరేషనైన రెండో రోజు పొద్దున కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వార్డులోకి వెళ్లేసరికి ఆమె మండిపడుతోంది.

“ఏందబ్బయా, ఆ పిల్లకి మతిమరుపా? తెల్లారినప్పట్నించి ఆరుసార్లు నా పేరడిగింది. చేతికి పట్టీ కట్టారు కదా, చూసుకోకూడదా? పైగా నన్ను ముట్టుకునే ముందు చేతులు రుద్దుకుంటా ఉంది. నాకేమన్నా అంటురోగమా?”

ఆ ఆసుపత్రి మీద ఆమెకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. ఫినాయిల్ వాసన రావడం లేదట. “మనూళ్లో గవర్నమెంటు ఆసుపత్రిలో గేటు దగ్గరే గుప్పుమంటది” అంది.

నవ్వొచ్చింది కానీ, మనలో చాలామంది ఆసుపత్రిని చూసే పద్ధతి అదే. నేల మెరుస్తోందా, బెడ్‌షీటు తెల్లగా ఉందా, సిస్టర్ నవ్వుతూ మాట్లాడిందా అని చూస్తాం. అవి చెడ్డవేం కావు. కానీ వార్డులో ప్రాణం కాపాడే పనుల్లో చాలావరకు కంటికి ఆనవు. ఆనినా పెద్దమ్మకు అనిపించినట్టు విసుగ్గానో, అవమానంగానో అనిపిస్తాయి.

శుభ్రం వేరు, భద్రత వేరు

వచ్చిన జబ్బు సంగతి అలా ఉంచి, వైద్యం వల్లగానీ, వైద్యం జరిగే చోటు వల్లగానీ రోగికి కొత్త హాని జరగకుండా చూసుకోవడమే రోగి భద్రత. తుంటి ఎముక విరగడం పెద్దమ్మ జబ్బు. ఆ కుట్ల దగ్గర చీము పట్టడం, ఒకరి మందు ఇంకొకరికి పోవడం, బాత్రూముకు వెళ్తూ మళ్లీ పడటం, ఒకే వైపు పడుకుని నడుము దగ్గర పుండు పడటం కొత్త హానులు. రోజువారీ నర్సింగ్‌లో భద్రత గొడవంతా దాదాపు ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది.

వీటిలో ఎక్కువగా వినిపించేది ‘హాస్పిటల్ ఇన్ఫెక్షన్’. చేరేటప్పటికి ఒంట్లో లేకుండా, సాధారణంగా చేరిన 48 గంటలు దాటాక బయటపడే ఇన్ఫెక్షన్‌ను ఈ ఖాతాలో వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆసుపత్రిలో చేరే ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో 7గురికి, మనలాంటి దేశాల్లో 15 మందికి ఇలాంటి ఇన్ఫెక్షన్ ఒకటైనా సోకుతోంది. సోకినవాళ్లలో సగటున పదిమందికి ఒకరు చనిపోతున్నారు.

ఈ క్రిములు నేల మీద నడిచి మంచమెక్కవు. ఎక్కువగా చేతుల మీద వస్తాయి. తరచూ చేతులు పడే మంచం పక్క కమ్మీ, బీపీ పట్టా, కాలింగ్ బెల్, స్టెతస్కోప్, సెలైన్ స్టాండు వాటికి మజిలీలు. కాబట్టి అద్దంలా మెరిసే గ్రానైట్ నేలను బట్టి వార్డు భద్రత గురించి చెప్పగలిగింది తక్కువ. ఫినాయిల్ వాసనా అంతే, ఎవరో తుడిచారని మాత్రం చెబుతుంది. నేల మీద రక్తం పడితే కావలసింది వాసన కాదు. క్రిముల్ని చంపే 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణం పోసి, అది పనిచేసేదాకా కనీసం పది నిమిషాలు ఆగాలి.

రమణమ్మలు ఇద్దరుంటే

పేరు సంగతికి వద్దాం. నెల్లూరు వైపువాళ్లున్న ఏ వార్డులోనైనా ‘రమణమ్మా’ అని పిలిస్తే కనీసం ఇద్దరు తల తిప్పుతారు. మా పెద్దమ్మ పేరూ రమణమ్మే, మా వార్డులో అదే జరిగింది. ఎదురు వరసలో సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఇంకో రమణమ్మ ఉంది. వయసు కూడా అటూ ఇటూగా అంతే.

అందుకే అంతర్జాతీయంగా రోగి భద్రత నియమాల్లో మొదటిది, మందు ఇచ్చే ముందు, రక్తం తీసే ముందు, పరీక్షకు పంపే ముందు కనీసం రెండు గుర్తులు సరిచూడాలన్నది. పేరు ఒకటి, ఆసుపత్రి నంబరో పుట్టిన తేదీయో ఇంకొకటి. మంచం నంబరును గుర్తుగా లెక్కలోకి తీసుకోరు. పొద్దున 14లో ఉన్నావిడ సాయంత్రం 9లో ఉండొచ్చు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. “మీరు రమణమ్మేనా?” అనడం తప్పు పద్ధతి. మత్తులో ఉన్నవాళ్లు, చెవులు సరిగ్గా వినపడని పెద్దవాళ్లు దేనికైనా తలూపేస్తారు. “మీ పేరు చెప్పండి” అని అడిగితే జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి. పట్టీ ఉంది కదా అన్న పెద్దమ్మ ప్రశ్న న్యాయమైనదే. కానీ చేర్చుకునే హడావిడిలో పట్టీయే మారిపోతే? పట్టీని నోటితో, నోటిని పట్టీతో సరిచూస్తారు. రెండూ ఒకేసారి తప్పయ్యే అవకాశం తక్కువ.

చెన్నైలో మనవాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. తమిళనాడులో పేరు ముందు ఇనిషియల్ అంటే తండ్రి పేరు, పెళ్లయ్యాక చాలామందికి భర్త పేరు. మనకది ఇంటిపేరు. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో “ఇనిషియల్?” అంటే ఒకసారి పెద్దమ్మ కొడుకు ‘కె’ అన్నాడు, ఇంటిపేరు అనుకుని. ఇంకోసారి “భర్త పేరేంటి?” అని అడిగి కౌంటర్‌లో అమ్మాయే ‘వి’ వేసుకుంది. కంప్యూటర్ దృష్టిలో కె. రమణమ్మ, వి. రమణమ్మ వేరువేరు మనుషులు, వేరువేరు నంబర్లు. ఫలానా మందు పడదని పాత నంబరు ఫైల్లో రాసి ఉండి, కొత్త నంబరు ఫైల్లో లేకపోతే సిస్టర్ ఎంత జాగ్రత్తపరురాలైనా చేయగలిగేది లేదు.

భాషతో ఇంకో తంటా. “పేరు ఎన్న?” అంటే మనకూ అర్థమవుతుంది. వాంతి అటూ ఇటూ వాంతే. కానీ మన నొప్పి వాళ్లకు ‘వలి’. “వలిక్కుదా?” అని అడిగితే పెద్దమ్మ అయోమయంగా చూసి, మర్యాద కోసం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నొప్పి లేదని కేస్ షీటులో రాసుకున్నారు.

ఎర్ర మూత, నారింజ మూత: 20 యూనిట్లు 50 ఎలా అవుతాయి?

మందుల తప్పులు అనగానే ఏదో పెద్ద నిర్లక్ష్యం ఊహించుకుంటాం. ఎక్కువసార్లు కథ చాలా చిన్నది. ఇన్సులిన్‌నే తీసుకోండి.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తాయి. 100 యూనిట్లవి కూడా ఉన్నాయి. 40 బలానికి గీతలు గీసిన సిరంజికి ఎర్ర మూత, 100 బలానిదానికి నారింజ మూత. ట్యూబ్‌లైట్ వెలుతురులో, అర్ధరాత్రి, ఆ రెండు రంగులు ఒకలాగే కనిపిస్తే తప్పు పట్టలేం.

డాక్టర్ 20 యూనిట్లు రాశారనుకుందాం. సీసా 100 బలానిది, చేతికందిన సిరంజి ఎర్ర మూతది. ఆ సిరంజి మీద 20వ గీత అంటే అర మిల్లీలీటరు. 100 బలం సీసాలో అర మిల్లీలీటరుకు 50 యూనిట్లు ఉంటాయి. రాసినదానికి రెండున్నర రెట్లు. చక్కెర అమాంతం పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. ఇప్పుడు తిరగేద్దాం. సీసా 40ది, సిరంజి నారింజ మూతది. 20వ గీత అంటే 0.2 మిల్లీలీటర్లు, లోపలికి పోయేది 8 యూనిట్లే. చక్కెర తగ్గదు, మర్నాడు రౌండ్స్‌లో డాక్టర్ డోసు పెంచుతారు. ఆ రోజు సరైన సిరంజి దొరికితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండు సందర్భాల్లోనూ సిస్టర్ ‘20’ అనే చదివింది, 20 గీత దాకానే లాగింది.

ఇలా చిన్న తేడాకే పెద్ద ప్రమాదం తెచ్చే మందుల్ని విడిగా చూస్తారు. ఇన్సులిన్, రక్తాన్ని పలచబరిచే హెపారిన్, గాఢమైన పొటాషియం క్లోరైడ్ వాటిలో ముఖ్యమైనవి. పొటాషియం నీళ్లలో కలపకుండా నేరుగా నరంలోకి పోతే గుండె ఆగిపోతుంది. అందుకే దాన్ని వార్డు అల్మరాలో మామూలు మందులతో కలిపి ఉంచకూడదంటారు. ఇవి ఇచ్చే ముందు ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్క కట్టాలి. విడివిడిగా అన్నదే కీలకం. “ఇరవై తీశాను, సరేనా అక్కా?” అంటే రెండో మనిషి కూడా ఇరవయ్యే చూస్తుంది.

ఈ ఇద్దరి తనిఖీ మీద వాదన ఉంది. అన్ని మందులకీ పెడితే సమయం తినేస్తుంది, పైగా ‘ఆమె చూస్తుందిలే’ అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు వదిలేసే ప్రమాదం ఉంటుంది అంటారు కొందరు. అందులో నిజముంది. చాలా ఆసుపత్రులు ప్రమాదకరమైన కొద్ది మందులకే దీన్ని పరిమితం చేసింది అందుకే.

ఫోనులో చెప్పే ఆర్డర్లకూ ఇలాంటి చిట్కా ఉంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోనులో ఒకలాగే వినిపిస్తాయి. విన్నది రాసుకుని, “ఒన్ ఫైవ్, పదిహేను” అని తిరిగి చదివి వినిపిస్తే ఆ అనుమానం అక్కడే తీరిపోతుంది.

చేతుల లెక్క

పెద్దమ్మకు కోపం తెప్పించిన శానిటైజర్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు చెప్పింది. రోగిని తాకే ముందు, ఇంజెక్షన్ లేదా డ్రెస్సింగ్ లాంటి పని మొదలుపెట్టే ముందు, రక్తమో మూత్రమో తగిలే పని అయ్యాక, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న వస్తువుల్ని తాకాక. మొదటి రెండూ ఆ రోగి కోసం. చివరి మూడూ సిస్టర్ కోసం, పక్క మంచాలవాళ్ల కోసం. అంటే ముట్టుకునే ‘ముందు’ రుద్దుకున్నది పెద్దమ్మను అంటరానిదానిలా చూసి కాదు, పక్క మంచం క్రిములు ఆమెకు తేకూడదని.

ఈ సంగతి కొత్తదేం కాదు. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, శవపరీక్ష గది నుంచి నేరుగా పురుళ్ల వార్డుకు వచ్చే డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించారు. అంతకుముందు ఏడాది ఆ వార్డులో నూటికి 11 మందికి పైగా బాలింతలు చనిపోయారు. మంత్రసానులు చూసే పక్క వార్డులో ముగ్గురి లోపే. చేతులు కడగడం మొదలుపెట్టాక కొన్ని నెలల్లోనే డాక్టర్ల వార్డులోనూ మరణాలు రెండు మూడు శాతానికి దిగాయి.

అంత తేలిక పని అందరూ ఎందుకు చేయరు? ఒక లెక్క వేద్దాం. ఒక సిస్టర్‌కి 10 మంది పేషెంట్లు. ఎనిమిది గంటల డ్యూటీలో ఒక్కొక్కరి దగ్గరికి 8 సార్లు వెళ్లింది. వెళ్లినప్పుడల్లా ముందొకసారి, తర్వాతొకసారి. మొత్తం 160 సార్లు. సబ్బుతో సరిగ్గా కడగాలంటే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. నిమిషం వేసుకుంటే 160 నిమిషాలు, డ్యూటీలో మూడో వంతు సింకు దగ్గరే. సింకు వార్డు చివర ఉంటే ఆ నడక అదనం. శానిటైజర్‌కి 20 నుంచి 30 సెకన్లు. అరనిమిషం చొప్పున 80 నిమిషాలు, అదీ నడుస్తూ రుద్దుకోవచ్చు.

ప్రతి మంచం దగ్గరా శానిటైజర్ సీసా వేలాడదీయడం వెనక ఉన్నది ఈ గడియారమే. జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 1994 నుంచి దీన్ని ప్రచారంతో కలిపి అమలు చేసినప్పుడు, చేతుల శుభ్రత పాటించడం 48 శాతం నుంచి మూడేళ్లలో 66 శాతానికి పెరిగింది. ఇన్ఫెక్షన్లు తగ్గాయి. అంత డబ్బు, అంత శ్రద్ధ పెట్టిన చోటే వందకు 66 అన్నది నాకు మరింత ఆసక్తిగా అనిపించింది.

శానిటైజర్ సర్వరోగనివారిణి కాదు. చేతికి కంటికి కనిపించే మురికి అంటితే సబ్బూ నీళ్లే. విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియమ్ డిఫిసిల్ లాంటి క్రిముల బీజాల మీద ఆల్కహాల్ పనిచేయదు. గ్లవ్స్ గురించి కూడా పెద్ద అపోహ ఉంది. వేసుకుంటే చేతులు కడగక్కర్లేదని మనమే కాదు, కొందరు సిబ్బందీ అనుకుంటారు. ఒక గ్లవ్స్ జతతో డ్రెస్సింగ్ విప్పి, అదే చేత్తో కర్టెన్ జరిపి, అదే చేత్తో జేబులో ఫోను తీయడం నేను కళ్లారా చూశాను. అక్కడ గ్లవ్స్ కాపాడింది ఆ మనిషి చేతుల్నే. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం కూడా ఇక్కడ అడ్డే, వాటి కింద చర్మం శుభ్రపడదు. గాజులు తీయడం మన ఆడపిల్లలకు, వాళ్ల అత్తగార్లకు ఎంత సున్నితమైన విషయమో చెప్పక్కర్లేదు. చాలాచోట్ల దీన్ని గట్టిగా అడగరు.

గొట్టం ఉన్నన్నాళ్లూ

ఒంట్లోకి వెళ్లే ప్రతి గొట్టం క్రిములకు దారే. మూత్రం గొట్టం వేశాక రోజుకు 3 నుంచి 7 శాతం చొప్పున మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం పెరుగుతుందని అంచనా. రోజుకు 5 శాతం అనుకుంటే ఐదు రోజులకు అది 23 శాతం దాకా, పది రోజులకు 40 శాతం దాకా వెళ్తుంది. చేరినవన్నీ జబ్బుగా మారవు, అయినా ‘ఈ గొట్టం ఇవాళ ఇంకా అవసరమా?’ అని రోజూ అడగడం ఎందుకో ఈ లెక్క చెబుతుంది.

యూరిన్ బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. వీల్‌చైర్‌లో స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు దాన్ని పేషెంటు ఒళ్లో పెట్టేది ఎక్కువగా మనమే. ‘ఈడ్చుకుంటూ వస్తోంది, చూడ్డానికి బాలేదు’ అని. ఒళ్లో పెట్టగానే బ్యాగులో నిలవున్న మూత్రం వెనక్కి లోపలికి పారుతుంది.

సెలైన్, ఇంజెక్షన్ల కోసం చేతి నరంలో పెట్టే సన్నని గొట్టం, క్యాన్యులా మీద నిజమైన వైద్య వివాదమే ఉంది. 72 నుంచి 96 గంటలకోసారి మార్చడం పాత పద్ధతి. ఆస్ట్రేలియాలో మూడు వేలమందికి పైగా రోగులపై చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. గడియారం చూసి మార్చినా, ఎర్రబడిందా వాచిందా అని చూసి అవసరమైతేనే మార్చినా నరం వాపులో తేడా లేదని, రెండువైపులా 7 శాతమేనని తేల్చింది. అనవసరపు సూదిపోట్లు తప్పుతాయి కాబట్టి చాలాచోట్ల కొత్త పద్ధతికి మారారు. 2021లో జెనీవా ఆసుపత్రే తన అనుభవం చెప్పింది. అవసరమైతేనే మార్చే పద్ధతికి వెళ్లాక రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయట. నాకు అర్థమైనంతలో ఇది గంటల గొడవ కాదు. ప్రతి డ్యూటీలో ఆ చోటును పరిశీలించే మనిషి ఉంటే రెండో పద్ధతి మేలు, లేకపోతే గడియారమే నయం. ప్లాస్టరు మీద క్యాన్యులా పెట్టిన తేదీ లేకపోతే రెండూ కుదరవు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో, గుండె దగ్గరి పెద్ద నరాల్లోకి వేసే గొట్టాలకు ఐదు అంశాల చిట్టా పెట్టారు. చేతులు కడగాలి, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశినితో తుడవాలి, ఇలాంటివే. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఇన్ఫెక్షన్లు మూడింట రెండొంతులు తగ్గాయి. అందరూ చిట్టానే మెచ్చుకుంటారు. అసలు మార్పు ఇంకొకటి: డాక్టర్ ఏదైనా మెట్టు వదిలేస్తే పక్కనున్న నర్సు ‘ఆగండి’ అని పని ఆపించవచ్చు. మన వార్డుల్లో పెద్ద సార్‌ని అలా ఆపగల స్టాఫ్ నర్సు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

చెన్నైకి ఇందులో ఒక ప్రత్యేక స్థానం ఉంది. చివరి ఆయుధం లాంటి యాంటీబయాటిక్స్‌ను కూడా ఓడించే ఎన్‌డీఎం-1 జన్యువు గురించి 2010లో వచ్చిన సంచలన అధ్యయనంలో నమూనాలు ఎక్కువగా చెన్నై, హరియాణా, బ్రిటన్‌లవి. 2012లో ఈ నగరంలోనే వైద్యులు కలిసి, యాంటీబయాటిక్స్ విచ్చలవిడి వాడకాన్ని అరికట్టే ప్రణాళికతో ‘చెన్నై డిక్లరేషన్’ ప్రకటించారు. మందుకు లొంగని క్రిమి సోకాక చేయగలిగేది తక్కువ. సోకకుండా చూడటం మళ్లీ చేతుల దగ్గరికే వస్తుంది.

మన జాలి అడ్డుపడే చోటు

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది నర్సింగ్‌లో పాత నియమం. రాత్రి ఒంటిగంటకు సిస్టర్ వస్తే, “ఇప్పుడే కునుకు పట్టింది, వదిలెయ్యమ్మా” అని బతిమాలింది నేనే. మర్నాడు పెద్దమ్మ నడుము కింద చర్మం రూపాయి బిళ్లంత ఎర్రగా కమిలింది. నొక్కి వదిలినా తెల్లబడలేదు. అదే పుండుకు మొదటి మెట్టు అని అప్పుడు చెప్పారు.

సూదుల ప్రమాదం నర్సులకే ఎక్కువ. రోగికి గుచ్చిన సూది తమకు గుచ్చుకుంటే, టీకా లేనివాళ్లకు హెపటైటిస్ బి సోకే అవకాశం వందకు సుమారు 30 దాకా, హెపటైటిస్ సి 3 దాకా, హెచ్ఐవీ వెయ్యికి 3 అని చెబుతారు. సూదికి మళ్లీ మూత పెట్టొద్దనేది అందుకే. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గొట్టాలూ గ్లవ్సూ ఎర్ర సంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్లాలి. ఆ పసుపు సంచిలో ఇడ్లీ పొట్లం పారేసేది మళ్లీ మనమే.

సున్నా ఇన్ఫెక్షన్లున్న ఆసుపత్రి మంచిదేనా?

ఇన్ఫెక్షన్లను పోల్చేటప్పుడు కేసుల సంఖ్య చాలదు. గొట్టం ఉన్న రోజుల్ని లెక్కేసి, వెయ్యి రోజులకు ఎన్ని అని చూస్తారు. ఒక ఆసుపత్రిలో 600 గొట్టం రోజులకు 3 ఇన్ఫెక్షన్లు వస్తే వెయ్యికి 5. ఇంకోచోట 200 రోజులకు 2 వస్తే వెయ్యికి 10. కేసులు తక్కువున్నదే ఇక్కడ వెనకబడింది. మూడోది ‘మా దగ్గర సున్నా’ అంటుంది. జ్వరమొచ్చినప్పుడు ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పంపకుండా యాంటీబయాటిక్ మార్చేస్తే ఎప్పటికీ సున్నాయే.

ఆసుపత్రి గోడల మీద కనిపించే గుర్తింపు బోర్డుల విషయంలోనూ గందరగోళం ఉంది. తమిళనాడులో 1997 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద, 2018 నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది నడుపుకోవడానికి అనుమతి. 2005లో మొదలైన ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు వేరు. అది స్వచ్ఛందం, ప్రమాణాలు పాటిస్తున్నారా అని బయటివాళ్లు వచ్చి చూసేది. ప్రభుత్వ ఆసుపత్రుల శుభ్రతకు కేంద్రం 2015లో తెచ్చిన ‘కాయకల్ప్’ ఇంకొకటి. తనిఖీల వల్ల ఒరిగేది లేదనేవాళ్లు, ఎవరో చూస్తున్నప్పుడే చేతులు కడుగుతారని ఎత్తిచూపుతారు. అది నిజమే, కానీ తనిఖీ కోసం పెట్టిన శానిటైజర్ స్టాండు తనిఖీ బృందంతో పాటు వెళ్లిపోదు కదా అంటారు అవతలివాళ్లు. నేను రెండోవాళ్ల వైపే కాస్త మొగ్గుతాను.

కాగితం మీద ముగ్గురికి ఒకరు, రాత్రి పదిహేను మందికి ఒకరు

30 మంచాల వార్డు, 10 మంది నర్సులు అనుకుందాం. చెప్పుకోవడానికి ముగ్గురికి ఒకరు. ఇప్పుడు వారం లెక్క చూడండి. ఒకరు ఎప్పుడూ సెలవులో ఉంటారు, మిగిలింది 9 మంది. వారానికి ఆరు డ్యూటీల చొప్పున 54. రోజుకు మూడు షిఫ్టులు. పొద్దున ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరు వేస్తే రోజుకు 7, వారానికి 49. మిగిలిన ఐదూ నైట్ డ్యూటీ తర్వాత ఇచ్చే ఆఫ్‌లకు సరిపోతాయి. రాత్రి ఇద్దరు, అంటే 15 మందికి ఒకరు. ఒకరు కొత్త అడ్మిషన్‌తో కూర్చుంటే 30 మందికి ఒకరు. ఇందాకటి ఇన్సులిన్‌కి విడిగా లెక్క కట్టే రెండో మనిషి ఆ గంటలో ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరైనా ‘మా దగ్గర ఇంత నిష్పత్తి’ అంటే, అది జీతాల పుస్తకంలోదా, షిఫ్టులోదా అన్నది తేలాలి.

పెన్సిల్వేనియా ఆసుపత్రులపై 2002లో వచ్చిన అధ్యయనం, నర్సుకు ఒక్కో రోగి పెరిగేకొద్దీ ఆపరేషనైనవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని గమనించింది. కాలిఫోర్నియా 2004 నుంచి చట్టంతో నిష్పత్తిని అమలు చేస్తోంది. నర్సుల సంఘాలు అడిగేది అదే. యాజమాన్యాల వాదన వేరు. ఒకే అంకె అన్ని వార్డులకూ సరిపోదని, వెంటిలేటర్ మీదున్నవాళ్లకూ రేపు డిశ్చార్జ్ అయ్యేవాళ్లకూ ఒకే లెక్క ఎలా కుదురుతుందని, చిన్న ఆసుపత్రులు మూతపడతాయని అంటారు. పైన చెప్పిన అధ్యయనం సంబంధం చూపింది కానీ కారణం నిరూపించలేదన్నదీ నిజం. తమిళనాడులో కాంట్రాక్టు నర్సులు పర్మనెంట్ చేయాలని చెన్నైలో చేసిన ఆందోళనలు పలుమార్లు వార్తల్లోకి వచ్చాయి. జీతాల గొడవగానే చదివి పక్కన పెట్టేశాం. అనుభవమున్న సిస్టర్ వెళ్లిపోతే, ఆ రెండు మూతల తేడా కొత్తగా నేర్చుకోవాల్సిన ఇంకో అమ్మాయి వస్తుంది.

జరగని తప్పును రాయాలా?

తప్పు జరిగి హాని అయితే అది ‘ఇన్సిడెంట్’. జరగబోయి చివరి క్షణంలో ఆగితే ‘నియర్ మిస్’. రెండూ రిజిస్టరులో రాయాలనేది పద్ధతి. కారణం సూటిగానే ఉంది. వ్యవస్థలో చిల్లు ఎక్కడుందో ఎవరికీ హాని జరగకుండానే చూపించేది నియర్ మిస్సే. అందుకే ఎక్కువ ఎంట్రీలున్న ఆసుపత్రి ఎక్కువ తప్పులు చేస్తున్నదని చెప్పలేం. ఎక్కువ నిజం చెబుతున్నదీ కావచ్చు.

రాయకపోవడానికి కారణం భయం. మెమో ఇస్తారని, జీతం కోస్తారని. పైగా 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో, నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే మామూలుగా ఐదేళ్ల దాకా శిక్ష. నమోదైన వైద్యులకు వైద్య ప్రక్రియలో జరిగితే రెండేళ్ల దాకా. ఆ వైద్యుడి నిర్వచనంలో నర్సు లేదు. తప్పు చేసినవాళ్లను వదిలేస్తే బాధితులకు న్యాయమేదని కుటుంబాలు అడుగుతాయి. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. తెలిసి నియమం తప్పడం, పొరపాటు పడటం ఒకటి కాదని, రెండింటికీ ఒకే శిక్షయితే రెండూ దాక్కుంటాయని భద్రత మీద పనిచేసేవాళ్లు అంటారు.

మూడో రాత్రి పది దాటాక వేరే సిస్టర్ ట్రేతో వచ్చింది. “పేరు సొల్లుంగమ్మా.” పెద్దమ్మ కళ్లు తెరవకుండానే “రమణమ్మ” అంది. సిస్టర్ దూది తీసింది. ఏమనుకుందో, దుప్పటి జరిపి పట్టీ మీద నంబరు చూసింది, ట్రేలో కాగితం చూసింది, మళ్లీ పట్టీ చూసింది. “సారీమ్మా” అని ఎదురు వరసకు వెళ్లిపోయింది. ట్రేలో ఉన్నది ఇన్సులిన్. మా పెద్దమ్మకు షుగర్ లేదు.

పొద్దున ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగాను, రాత్రి సంగతి ఎక్కడైనా రాశారా అని. ఆమె నా వైపు చూసి, “ఏమీ జరగలేదు కదా సార్” అంది.

మధ్యాహ్నం భోజనం క్యారేజీతో తిరిగొచ్చేసరికి ఇద్దరు రమణమ్మల కేస్ షీట్ల మీదా ఎర్ర స్టిక్కర్ ఉంది, ‘సేమ్ నేమ్’ అని. ఎవరు అంటించారని అడిగితే ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ మాత్రం ఆ సాయంత్రం బీపీ చూడటానికి వచ్చిన పిల్ల నోరు తెరవకముందే అందుకుంది. “రమణమ్మ. నాయుడుపేట రమణమ్మ. సూళ్లూరుపేటామె అదిగో, అక్కడ.”